పౌడరు డబ్బా మూతలో పట్టే మాట

డ్రాయింగ్ మాస్టారు పోయారన్న వార్త నాకు ఫ్లెక్సీ ఆర్డరుగా వచ్చింది. ఆత్మకూరులో మా ప్రింటింగ్ షాపు షట్టరు అప్పుడే ఎత్తాను. ఉదయగిరి నుంచి ఫోను. మాట్లాడింది మాస్టారి పాత విద్యార్థిని, ఇప్పుడు దుత్తలూరులో టీచరమ్మ.

"సార్, మా డ్రాయింగ్ సారు తెల్లవారుజామున పోయినారు. హైస్కూలు గేటు కాడ ఫ్లెక్సీ కట్టాలనుకున్నాం. ఫోటో పంపిస్తా. మాటలు మీరే రాయండి."

ఏదో ఒకటి అడగాలి కాబట్టి, "ఫోటో ఒకటేనామ్మా?" అన్నాను.

"పక్కన దివిటీ మనిషి బొమ్మ గూడా పెట్టండి సార్. అది లేకపోతే మా సారు మాదిరే ఉండదు."

ఫోను పెట్టేశాక నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. కుళ్ళు. పోతూ పోతూ కూడా దివిటీ మనిషిని తన పక్కనే నిలబెట్టుకున్నాడే అనుకున్నాను. ఏడుపు ఆ తరువాత, టీ తాగుతుంటే వచ్చింది. పోయిన మనిషి గురించి రాసేటప్పుడు మంచి మాటలే రాయాలంటారు. రాస్తాను, ఆయనలో మంచికి కొదవ లేదు. కానీ నా కుళ్ళు దాచిపెట్టి రాస్తే అది శుభలేఖ అవుతుంది. శుభలేఖలు నేను చాలానే రాశాను.

దివిటీ మనిషి ఎవరో ఈ కాలం పాఠకులకు తెలియకపోవచ్చు. తొంభైల మొదట్లో మా పశ్చిమ నెల్లూరు పల్లెల్లో తిరిగిన ఒక బొమ్మల కథ. నాలుగు భాగాలని చెప్పి మొదలుపెట్టాం. ఉదయగిరి దుర్గం మీద ఒక కావలివాడు ఉంటాడు. శత్రువు కనిపిస్తే దివిటీ వెలిగించి కింది ఊళ్ళను లేపడం అతని పని. మూడో భాగం చివర శత్రువులు రానే వస్తారు. దివిటీ వెలిగిస్తే ఊళ్ళు బతుకుతాయి. కానీ కొండదారిలో బండరాళ్ళ వెనక దాక్కున్న సొంత తమ్ముడు ఆ వెలుతురులో శత్రువులకి దొరికిపోతాడు. వెలిగించాడా లేదా? అక్కడ ఆగిపోయింది కథ. నాలుగో భాగం రాలేదు. ఎందుకు రాలేదో ఉదయగిరిలో ఎవరికీ తెలియదనే నేను ముప్పై ఏళ్ళుగా అనుకుంటూ వచ్చాను.

కథ నాది. బొమ్మలు ఆయనవి.

అప్పుడు మాది సీసపు అక్షరాలు పేర్చి అచ్చేసే ప్రెస్సు. స్కూలు వార్షికోత్సవం కరపత్రం వేయించడానికి వచ్చిన మాస్టారు, నా బల్ల మీది నోటు పుస్తకం తిరగేశాడు. దివిటీ మనిషి కథ రాసుకున్న పుస్తకం అది. కరపత్రం ప్రూఫు చూడాల్సిన మనిషి ఆ కథంతా చదివాడు. చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీసి ప్రూఫు వెనకాల గీశాడు. కొండ, మెట్లు, మెట్ల మీద ఒక మనిషి. నేను ఆరు పేజీలు రాసినా కనిపించని ముఖం ఆ గీతల్లో కనిపించింది. అంత సంతోషంలోనూ గొంతులో చేపముల్లు గుచ్చుకున్నట్టయింది. ఆ ముల్లు ఇప్పటికీ అక్కడే ఉంది.

"నేను బొమ్మలేస్తా. నువ్వు మాటలు తగ్గిస్తావా ప్రెస్సయ్యా?" అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఆయనకి ప్రెస్సయ్యనే.

మా పని పద్ధతి చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. ఆయన ముందు బొమ్మ వేసేవాడు. తరువాత మాటల కోసం బుడగలు గీసేవాడు. దానికి ఆయన కొలత ఒకటే, పౌడరు డబ్బా మూత. మూత కాగితం మీద బోర్లించి చుట్టూ పెన్సిలు తిప్పేవాడు. రాజు మాట్లాడినా, మేకలు కాసే ముసలమ్మ మాట్లాడినా అదే మూత. నేను మాటలను చిన్న టైపులో పేర్చి, అచ్చుతీసి, కత్తెరతో కత్తిరించి, మైదా జిగురుతో ఆ బుడగల్లో అంటించేవాడిని. ఆ పేజీని నెల్లూరు పంపి, అచ్చు వేయడానికి లోహపు బ్లాకుగా చేయించేవాళ్ళం.

నా మాటలు ఎన్నడూ మూతలో పట్టేవి కావు. అంచులు దాటి కొండ మీదికో మనిషి మొహం మీదికో పోయేవి.

"సార్, బుడగ కొంచెం పెద్దది గియ్యండి."

"మూతలో పట్టేదే మాటయ్యా. పట్టందంతా శుభలేఖ."

"అది వీరుడి మాట సార్. ఆ మాత్రం ఉండాల."

"వీరుడు సరే, వాడు మన కొండ మనిషి గదా. నాటకంలో రాజు మాదిరి మాట్లాడతాడేంది? మీ ఇంట్లో నువ్వు ఎట్ట మాట్లాడతావో అట్ట రాయి."

అలా అంటూనే కత్తెర తీసుకుని నా వాక్యాన్ని నడిమికి కోసేసేవాడు. కోసిన తరువాత బాగుండేది. అదే నాకు మండేది.

మొదటి భాగం బస్టాండు బంకుల్లో దండేనికి వేలాడుతుంటే చూడటానికి ఇద్దరం కలిసి వెళ్ళాం. అనంతసాగరం బస్సు కోసం నిలబడిన ఒకావిడ చంకలో పిల్లతో మాస్టారి దగ్గరికి వచ్చింది.

"దివిటీ మనిషి బొమ్మలేసే సారు మీరే గదా? మా పిల్ల పుస్తకం మీద ఒకటి గియ్యండి సామీ." ఆయన గీస్తుంటే నా వైపు తిరిగి, "మీరు సారుకి తోడొచ్చినారా?" అంది.

"కథ రాసింది ఆయనేనమ్మా," అన్నాడు మాస్టారు తలెత్తకుండా.

"అట్టనా," అని ఆవిడ మళ్ళీ బొమ్మ వైపే చూసింది. ఆ "అట్టనా" ఇన్నేళ్ళయినా నా చెవిలో అట్లాగే ఉంది. ఆవిడ తప్పేమీ లేదు. బొమ్మ కళ్ళకి కనిపిస్తుంది, కథ కనిపించదు. ఇంత తెలిసీ ఆ రోజు ఇంటికి వెళ్ళి అన్నం సరిగా తినలేదు.

మూడో భాగం వచ్చినప్పుడు ఉదయగిరి హైస్కూల్లో చిన్న సభ పెట్టారు. మాస్టారికి దండ వేశారు. పిల్లలు చేతులెర్రబడేలా చప్పట్లు కొట్టారు. తరువాత మైకులో, "ఈ పుస్తకాన్ని చక్కగా అచ్చు వేసిన ఆత్మకూరు ప్రెస్సు యజమాని గారు కూడా మన మధ్యన ఉన్నారు," అన్నారు. అచ్చు వేసినవాడినట! మాస్టారు లేచి ఏదో చెప్పబోయాడు. అప్పటికే జాతీయ గీతం అందుకున్నారు. నేను టీ కూడా తాగకుండా బస్సెక్కేశాను.

తరువాతి నెలలో నాలుగో భాగం బొమ్మలు తీసుకుని ఆయనే వచ్చాడు. పై పేజీలో బుడగలు ఖాళీగా నా కోసం ఎదురుచూస్తున్నాయి, మిగతా పేజీలు నేను తిరగేయలేదు. అప్పటికి నా మాటలు సిద్ధం. టైపులో పేర్చి, పురికొసతో కట్టి, వెనక ర్యాకులో పెట్టేశాను కూడా. అచ్చుతీసి అంటించడమే తరువాయి.

"మాటలు వచ్చినాయా ప్రెస్సయ్యా?"

"రాలేదు సార్," అన్నాను.

ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. నేను లేకుండా ఆయన బొమ్మలు ఎంత దూరం పోతాయో చూద్దామనుకున్నాను. ఒక నెల ఏడిపించి ఇద్దామనుకున్నాను. రెండోసారి వచ్చినప్పుడూ అదే జవాబు. మూడోసారి ఆయన ర్యాకు దాకా వెళ్ళి, అక్కడ కాసేపు నిలబడి, వెనక్కి వచ్చి తన పేజీలు అట్టల మధ్య పెట్టుకున్నాడు. "నిదానంగా రానియ్యి. వచ్చినప్పుడు చెప్పు," అని వెళ్ళిపోయాడు. కోపంగా వెళ్ళుంటే నేను వెనకాలే పరిగెత్తి ఇచ్చేసేవాడినేమో. ఆయన కోపపడలేదు. నేను ఇవ్వలేదు. నెల ఏడాదయింది. తరువాత ఆఫ్‌సెట్ వచ్చింది, పాత టైపు అంతా తూకానికి పోయింది. అందులో నా నాలుగో భాగం కూడా పోయింది.

ఆ రోజుల్లోనే మా ప్రెస్సు మూతపడే దాకా వచ్చింది. నెల్లూరు రంగు పెళ్ళికార్డుల ముందు మా కార్డులు ఎవరికీ నచ్చేవి కావు. అప్పుడు ఈ మనిషే, నేను అబద్ధం చెప్పి పంపిన మనిషే, ఆదివారం ఆదివారం బస్సులో వచ్చి మా కార్డులకు అంచులు గీసి ఇచ్చాడు. మామిడి పిందెలు, అరటి గెలలు, పల్లకీలు. కలిగిరి నుంచి కూడా గిరాకీ వచ్చింది. వచ్చినవాళ్ళు ఏమనేవాళ్ళో తెలుసా? "సారు గీసిన కార్డే కావాల. మాటలు ఏవైనా పర్లేదు." నా షాపు నిలబెట్టినందుకు ఆయనకి దండం పెట్టాలి. పెట్టాను కూడా, పళ్ళు కొరుక్కుంటూ.

ఆయన అలవాట్లు నాకు కంఠతా వచ్చు. పెన్సిలు బ్లేడుతోనే చెక్కేవాడు. ఆ పొట్టు కింద పడేయకుండా చొక్కా జేబులో వేసుకునేవాడు. బస్సులో ఎప్పుడూ కొండ కనిపించే వైపే కూర్చునేవాడు, పుట్టినప్పటి నుంచి చూస్తున్న కొండే అయినా. ఎవరి పెళ్ళిలో ఎదురుపడినా, చేయి కడుక్కునే చోటైనా సరే, నన్ను అడిగే మాట ఒకటే. "మాటలు వచ్చినాయా?" నేను, "రాలేదు సార్." ఇద్దరం నవ్వేవాళ్ళం. చూసేవాళ్ళకి అది పాత స్నేహితుల సరసం. ప్రతిసారీ నిజం చెప్పేద్దామనిపించేది. ప్రతిసారీ ఎవరో ఒకరు "బొమ్మల సారూ!" అంటూ వచ్చేవాళ్ళు, నా నోరు మూసుకుపోయేది. పోయిన నెల ఫోనులో కూడా అడిగాడు. గొంతు బాగా సన్నబడింది. అప్పుడు కూడా రాలేదనే చెప్పాను.

ఫ్లెక్సీకి పన్నెండు వరుసలు రాసి పంపాను. టీచరమ్మ వెంటనే ఫోను చేసింది. "ఇంత వద్దు సార్. మూతలో పట్టేట్టు రాయండి."

ఉలిక్కిపడ్డాను. "ఆ మాట నీకెట్ట తెలుసమ్మా?"

"మా బడిలో అందరికీ తెలుసు సార్. వ్యాసం పొడుగైతే సారు అదే అనేవాడు."

నా కోసం పుట్టిన మాటను ఊరందరికీ పంచిపెట్టేశాడన్న మాట. దానికీ కుళ్ళుకున్నాను.

పదకొండో రోజు ఉదయగిరి వెళ్ళాను. భోజనాలయ్యాక మాస్టారి భార్య నన్ను లోపలికి పిలిచింది. నేను ఆమెను అక్కా అంటాను. మంచం మీద కాగితాల కట్టలు పేర్చి ఉన్నాయి. అన్నీ నాలుగో భాగానికి జిరాక్సులే. బుడగల్లో పిల్లల చేతిరాతలు. ఏటా పదో తరగతి వాళ్ళకి ఆ ఖాళీ బుడగలు ఇచ్చి నింపమనేవాడట. తిరగేశాను. ఒక పిల్ల రాసినవి నా మాటలకంటే బాగున్నాయి. పేరు చూస్తే ఫ్లెక్సీ చెప్పిన టీచరమ్మే, అప్పటికి పదిహేనేళ్ళది. నాది కావాల్సిన కథను ఎంతమంది ముగించేశారో అని కట్టలు లెక్కపెట్టాను.

అప్పుడు గమనించాను. ఏ కాగితంలోనూ ఆఖరి బొమ్మకి మాట లేదు. బుడగ ఉండాల్సిన చోట తెల్లకాగితం ముక్క కప్పి జిరాక్సు తీశారు.

"అది ముట్టుకోవద్దనేవాడు పిల్లల్ని," అంది అక్క. "అది ఆత్మకూరు ప్రెస్సాయనది, ఆయన రాయాల అనేవాడు. నువ్వు మాటలు కట్టి ర్యాకులో పెట్టుకోనుండావని ఆయనకి తెలుసు నాయనా. ఆ రోజే చూసొచ్చి చెప్పినాడు. అక్షరాలు తిరగబడి ఉన్నా చదివినాడంట. అడగరాదా అంటే, 'కథ ఆయనది. కోపం తగ్గితే ఆయనే ఇస్తాడు లే' అన్నాడు."

నేను మంచం అంచున కూర్చుండిపోయాను. ముప్పై ఏళ్ళు "వచ్చినాయా" అని అడిగింది తెలిసే అడిగాడు. కోపం తగ్గిందా అని అడిగాడు. నాకే అర్థం కాలేదు.

అక్క అట్టల మధ్య నుంచి అసలు పేజీ తీసి నా చేతిలో పెట్టింది. దివిటీ వెలిగించాడు, ఊళ్ళు బతికాయి, తమ్ముడు దొరికిపోయాడు. ఆఖరి బొమ్మలో చాలా ఏళ్ళ తరువాత తల నెరిసి తిరిగొచ్చిన తమ్ముడి పక్కన దివిటీ మనిషి బండ మీద కూర్చుని ఉన్నాడు. అన్న ఇప్పుడు ఏదో ఒకటి చెప్పాలి. అతని నోటి దగ్గర బుడగ ఉంది. అది మూతతో గీసింది కాదు. అన్నం కంచం బోర్లించి గీసినట్టుంది, సగం ఆకాశం అదే. నేను అడిగీ అడిగీ విసిగించిన పెద్ద బుడగ.

ఆ చోటుకి అప్పట్లో నేను పేర్చింది పద్నాలుగు వరుసలు. ధర్మం, త్యాగం, జన్మభూమి అని. ఒక్కటీ సరిగా గుర్తు రాలేదు. మాస్టారి పెన్సిళ్ళ డబ్బాలోంచి ఒకటి తీసుకున్నాను. చాలాసేపు పట్టింది. మా ఇంట్లో నేను ఎట్లా మాట్లాడతానో అట్లాగే రాశాను. "తప్పు చేసినాను తమ్ముడా."

అంతే వచ్చింది. ఓర్పులోనూ ఆయనే నన్ను మించిపోయాడని ఇప్పటికీ కుళ్ళుగానే ఉంది. ఆ పేజీ ఇప్పుడు నా బల్ల మీద ఉంది. అంత పెద్ద బుడగలో మూడు మాటలు ఒక మూలకి ఒదిగిపోయాయి, మిగతాదంతా తెల్లగా ఉంది. నిన్న పౌడరు డబ్బా మూత తెచ్చి ఆ మాటల మీద బోర్లించి చూశాను. సరిగ్గా పట్టింది.