పెద్ద కోడలు తీసేసిన వాక్యం

కింది వాటాలో పెద్ద కోడలు, పై వాటాలో చిన్న కోడలు. మెట్ల మలుపులో అత్తగారి కుర్చీ. ఏ మాట పైకి వెళ్ళాలన్నా, కిందికి దిగాలన్నా ఆ కుర్చీ దాటాలి.

పెద్ద కోడలు ప్రోగ్రామర్. ఆమె పనిచేసే బ్లాక్‌చెయిన్ సంస్థకు యజమాని లేడు. లెక్కలన్నీ ఎక్కడెక్కడి కంప్యూటర్లలోనో ఒకేలా ఉంటాయి. ఏ ఒక్కరూ చాటుగా చెరపలేరు. నిబంధన మార్చాలంటే సభ్యులు వాదించుకోవాలి, తర్వాత ఓటు వేయాలి. పునాది నుంచీ దాన్ని కట్టినవాళ్ళలో ఆమె ఒకతె.

చిన్న కోడలు చదివింది తత్వశాస్త్రం. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలోనే పెద్ద కోడలు ‘తత్వం’ అని పేరు పెట్టింది. “తత్వం! కుక్కర్ కూసిందా, కూసిందని మనం అనుకుంటున్నామా?” అని కేకేస్తే ఇల్లంతా నవ్వేది. చిన్న కోడలూ నవ్వేది.

ఉద్యోగాల కోసం తిరిగి తిరిగి ఆమె వట్టి చేతులతో వస్తున్న రోజుల్లో పెద్ద కోడలే అంది. “ఇంట్లో మా బుర్రలు తినే బదులు మా సంస్థ చర్చావేదికలో వాదించుకో. ఎవరైనా రాయొచ్చు. గేటు దగ్గర ఆపేవాడు కూడా ఉండడు.”

ఆమె నిజంగానే వెళ్ళింది. అక్కడ కొట్టుకుంటున్నవాళ్ళ మధ్య చేరి, “మీరిద్దరూ పోట్లాడుతున్నది ఒకే సంగతి మీద కాదు” అని విడదీసి చూపించేది. ఒకరి వాదాన్ని ఎదుటివారికి అర్థమయ్యేలా తిరిగి చెప్పేది. ఏ డిగ్రీ అని ఎవరూ అడగలేదు. రాసింది చదివారు. ముందు చిన్న పని ఇచ్చి చూశారు, తర్వాత ఉద్యోగమే ఇచ్చారు. ప్రతి ఓటుకూ ముందు రెండు పక్షాల వాదాలూ రాసిపెట్టడం ఆమె పని.

పెద్ద కోడలికి ఆ కబురు మెట్ల మలుపులో అత్తగారి నోట తెలిసింది.

“ఏమే, చిన్నదాన్ని మీ దాంట్లోకే తీసుకున్నారట! దారి నువ్వే చూపించావటగా. నీ కడుపు చల్లగుండ!”

కడుపు చల్లగా లేదు. ఏకు మేకై కూర్చుందని పళ్ళు నూరుకుంది. తాను ఏళ్ళ తరబడి అరిగిపోయిన చోటికి ఈమె కబుర్లు చెప్పి వచ్చింది. తోటి ప్రోగ్రామర్ ఒకడు ఫోను చేసి, “మీ చెల్లెలు రాసింది చదివారా? మా గొడవ మాకే ఇప్పుడర్థమైంది” అన్నాడు. “చెల్లెలు కాదు, తోటికోడలు” అని పెట్టేసింది. పైనుంచి మీటింగులో నవ్వు వినబడితే కిందగది కిటికీ మూసేది.

అప్పుడే పెద్ద కోడలి ప్రతిపాదన ఓటుకు వచ్చింది. ఎక్కువ కాలంగా పనిచేస్తున్నవారి ఓటుకు ఎక్కువ బరువు ఉండాలని దాని సారాంశం. నెగ్గితే పాతవారితో ఒక బృందం ఏర్పడుతుంది, ఆమె దానికి పెద్ద. నోరు తెరిచి ఆమె కోరుకున్న పదవి అదొక్కటే. ఆమె తరఫు వాదం రాయవలసింది చిన్న కోడలు.

చిన్న కోడలు లాప్‌టాప్ పట్టుకుని కిందికి దిగి, భోజనాల బల్ల దగ్గర కూర్చుంది.

“పాతవాళ్ళకే ఎక్కువ తెలుసంటున్నావు అక్కా. బాగా తెలిసినవాడు నిన్ననే చేరితే?”

“చేరనీ.”

“మరి వాడి ఓటు ఎందుకు తేలికవ్వాలి?”

“వాడికేం పోతుందమ్మా! బాగుంటే ఉంటాడు, పాడైతే చక్కా పోతాడు. ఉండి ఏడ్చేది మేమేగా!”

చిన్న కోడలు తల వంచుకుని టైపు చేసుకుంది.

ఆ సంస్థలో ఒక పద్ధతి ఉంది. ఎవరి వాదం వారు చదివి, ‘అవును, నా మాట ఇదే’ అంటేనే అది సభ్యుల ముందుకు వెళుతుంది. నచ్చనిది తీసేసే హక్కు వారిదే.

మర్నాడు పెద్ద కోడలు దాన్ని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు చదివింది. రాయి దొరకలేదు. చివర ఈ వాక్యం ఉంది: ‘తప్పు జరిగితే రేపు వెళ్ళిపోగలిగినవాడి మాటా, ఉండి దిద్దవలసినవాడి మాటా ఒకే బరువు తూగకూడదు.’

మళ్ళీ చదివింది. బాగుంది. బాగుండడమే బాగాలేదు. రేపు గెలిస్తే ఈ వాక్యమే గెలిపించిందంటారు. ‘చిన్నది రాసిందటే!’ అని ఆ కుర్చీ అంటుంది.

వాక్యం తీసేసింది. ‘పాతవారి అనుభవానికి తగిన గౌరవం ఇవ్వాలి’ అని రాసి, అవును అంది.

సాయంత్రం చిన్న కోడలు గుమ్మంలో నిలబడింది. “చివరి వాక్యం తీసేశావేంటి అక్కా?”

“నా మాటలా లేదు.”

“నీ మాటే. నిన్న నువ్వన్నదే.”

“నేనేమన్నానో నాకు తెలీదా?”

“నీ ఇష్టం” అని ఆమె మెట్లెక్కింది.

ప్రతిపాదన కొద్దిలో ఓడిపోయింది. కాదన్నవాళ్ళలో చాలామంది రాసింది ఒక్కటే: కొత్తవాళ్ళేం తక్కువ?

ఆ వేళ భోజనాల దగ్గర పెద్ద కోడలి భర్త మెల్లగా అన్నాడు. “పోనీలే. అయినా కొత్తవాడి ఓటు తేలికెందుకవ్వాలో నాకూ అర్థం కాలేదు.”

“అర్థం కాకపోవడానికేముంది?” ఆమె గరిటె గిన్నెలో పడేసింది. “తప్పు జరిగితే రేపు వెళ్ళిపోగలిగినవాడి మాటా, ఉండి దిద్దవలసినవాడి మాటా ఒకే బరువు తూగకూడదు!”

ఒక్క అక్షరం తప్పలేదు. చదివింది రెండుసార్లే.

అతని చేతిలో ముద్ద ఆగిపోయింది. “అబ్బ! ఇంత మంచి మాట ఓటుకు ముందు చెప్పొద్దూ?”

తలుపు తెరిచే ఉంది. మెట్ల మలుపులో కుర్చీ కిర్రుమంది.

“ఏమే చిన్నదానా, విన్నావా? మీ అక్క ఎంత బాగా చెప్పిందో!”

పైనుంచి చిన్న కోడలు పలికింది.

“విన్నాను అత్తయ్యా. అక్క మాటే అది.”

పెద్ద కోడలు లేచి వెళ్ళి తలుపు మూసింది.