‘నే’ లేని ఫోటో

నాకు ముక్కు మీద కోపం. ఆ రోజుల్లో నా ఫోటోలను ఎవరైనా ఒక్క మాట అంటే ఆ పూట అన్నం సహించేది కాదు. అలాంటివాణ్ని, ఫోటోల కవరు చంకలో పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా పోయి “తప్పులు చెప్పండి సార్” అని అడిగానంటే, దానికి కారణం ఒక అమ్మాయి.

మా నాన్న పనిచేసే చీరల షాపులోనే ఆమె సేల్స్‌గర్ల్. వాళ్లది నల్గొండ వైపు ఊరు, మీర్‌పేట్‌లో కిరాయికి ఉండేవాళ్లు. మాది పోచంపల్లి పక్కన. మగ్గం వదిలేసి పట్నం వచ్చిన నాన్న, నేసిన చేతులతోనే ఎవరో నేసిన చీరలు మడతపెట్టేవాడు. నేను పెళ్లిళ్లకు ఫోటోలు తీసేవాణ్ని. హోమం పొగ, బంధువుల మోచేతులు, “తమ్మీ, మాదొక్కటి తియ్యి” అనే కేకలు. విసుగొచ్చేసింది. ప్రకటనలకు, పత్రికల అట్టలకు గ్లామర్ ఫోటోలు తీయాలని నా కోరిక. ఆమెకేమో సీరియల్లో చెయ్యాలని. మోడల్‌ను పెట్టుకునే స్తోమత నాకు లేదు, ఫోటోగ్రాఫర్‌ను పెట్టుకునే స్తోమత ఆమెకు లేదు. అందుకని ఇద్దరికీ కలిపి ఒకటే పోర్ట్‌ఫోలియో అనుకున్నాం. అది కుదిరితే నాకొక దారి దొరుకుతుంది, దారి దొరికితే ఆమెను అడగొచ్చు. ఏమని అడగాలో నాకు తెలుసు. ఆమెకూ తెలుసనే అనుకుంటాను.

తెలంగాణ కోసం జనమంతా రోడ్ల మీద ఉన్న కాలం అది. బంద్ అంటే షాపుకు సెలవు, షాపుకు సెలవంటే మాకు షూటింగ్. కింద ఊరేగింపు పోతుంటే నేను కెమెరా, ఒక థర్మాకోల్ అట్ట పట్టుకుని మా డాబా ఎక్కేవాణ్ని. ఎండను ఆమె ముఖం మీదికి తిప్పడానికి ఆ అట్టే నా లైటు. మా అమ్మ మెట్ల మీద బియ్యం ఏరుతూ కాపలా కూర్చునేది.

“తెలంగాణ ఒచ్చేటట్టున్నది గని నీ ఫోటో అయ్యేటట్టు లేదు బిడ్డా” అనేది.

ఎల్బీనగర్‌లో ఒక పెద్దాయన స్టూడియో ఉండేది. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డవాడు, ఒకప్పుడు సినిమాలకు స్టిల్స్ తీసినవాడు. ఆయన బాగుందన్న ఫోటోను ఎవరికైనా ధైర్యంగా చూపించవచ్చని మా ఫోటోగ్రాఫర్లంతా అనుకునేవారు. మొదటిసారి పోయినప్పుడు ప్రింట్లన్నీ టేబుల్ మీద పరిచాను. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని నిదానంగా చూశాడు. “బాగానే ఉన్నాయబ్బాయ్” అన్నాడు. టీ కూడా తెప్పించాడు.

సాయంత్రం షాపు కట్టేసే వేళకు ఆమె ముందు వాలిపోయాను.

“మంచిగున్నయన్నడు!”

ఆమె చీర మడతపెడుతూ తలెత్తలేదు. “మంచిగున్నయన్నడా, మంచిగనే ఉన్నయన్నడా?”

“ఏందది? రెండూ ఒకటే గద.”

“ఒకటెట్లయితది? చీర సూపిస్తే ‘మంచిగున్నది’ అన్నోళ్లకు బిల్లు రాయిస్త. ‘మంచిగనే ఉన్నది’ అంటే మడతపెట్టి లోపల పెడ్త. పొద్దుగాల సంది గిదే వింట నేను.”

గుర్తుచేసుకున్నాను. బాగానే అన్నాడు. ఆ ‘నే’ నా చెవిన పడనే లేదు. నా ముఖం మాడిపోయినట్టుంది, ఆమె నవ్వింది.

“జర కోపం తక్కువ చేస్కో. మల్ల పో. ఏం తక్కువైందో అడుగు” అంది.

పోయాను. పెద్దాయన నన్ను చూసి “అడగడానికి వస్తావా రావా అని చూస్తున్నాను. కూర్చో” అన్నాడు. ఆ తర్వాత ఒక్కో ఫోటో తీసి మొదలుపెట్టాడు.

“ఈ చేతులు చూడు. ఏం చెయ్యాలో తెలీక వేలాడుతున్నాయి. మెడ ఏదో పోస్టర్ చూసి వంచినట్టుంది. నువ్వే వంచమన్నావు కదూ?”

నేనే.

“పైగా ఈ టచింగ్ ఒకటి. కంప్యూటర్లో రుద్ది రుద్ది పిల్ల ముఖాన్ని ఇడ్లీ పిండి చేసిపెట్టావు. చామనఛాయను తెల్లగా చేస్తే గ్లామర్ అవుతుందా? పక్కనుంచి వెలుగు రానియ్యి. ఆ చర్మం ఎలా మెరుస్తుందో అప్పుడు చూడు.”

నా చెవులు వేడెక్కాయి. మధ్యలో లేచిపోదామనుకున్నాను కూడా. కానీ ఆయన తప్పు చూపించిన ప్రతి ఫోటోలోనూ ఒక మంచి ముక్కను వేలు పెట్టి చూపించాడు. ఇక్కడ కన్ను బాగుంది, ఇక్కడ నీడ సరిగ్గా పడింది అని. అలా చెప్పేవాళ్లు నాకు అంతకుముందు ఎవరూ దొరకలేదు. చివర్లో అడిగాడు.

“ఈ అమ్మాయి ఏం పని చేస్తుంది?”

“చీరలమ్ముతది సార్.”

“మరి ఆ చేతులకు ఆ పని చెప్పవయ్యా. ఊరికే నిలబెడతావెందుకు?”

మళ్లీ బంద్ వచ్చింది. ఆమె నల్లచీర కట్టుకుని, చేతుల్లేని జాకెట్టు వేసుకుని, జుట్టు వదిలేసింది. అమ్మ ముఖం చిట్లించింది గానీ, తన పెట్టెలోంచి ఎర్ర పోచంపల్లి చీర తానే తెచ్చిచ్చింది. “షాపుల దీని మడత ఎట్ల ఇప్పుతవో గట్లనే ఇప్పు” అన్నాను. ఆమె ఒక అంచు పట్టుకుని చీరను గాల్లోకి విసిరింది. అది విచ్చుకుంటుంటే దాని వెనక నుంచి చూసింది. కొనకపోతే నీ ఖర్మ అన్నట్టు, కొంటావని నాకు తెలుసులే అన్నట్టు. నొక్కాను. టచింగ్ జోలికి పోలేదు.

పెద్దాయన ఆ ప్రింటును వెలుతురు దగ్గరికి తీసుకెళ్లి చూశాడు.

“బాగుంది” అన్నాడు.

“బాగానే ఉందా సార్?”

“బాగుందయ్యా బాబూ!” అని నవ్వి, దాన్ని పెద్దది చేయించి స్టూడియో షోకేస్‌లో పెడతానన్నాడు. వీధి వైపు అద్దంలో ఫోటో పెట్టడమంటే మా ఫోటోగ్రాఫర్లకు సన్మానం చేసినట్టే. అయినా ఆమెను అడిగాను. “పెట్టుమను. నాకేం భయం?” అంది.

ఒక సాయంత్రం ఇద్దరం బస్సెక్కి చూడ్డానికి పోయాం. అద్దంలో ఫోటో ఉంది, ఫోటో మీద మా ఇద్దరి నీడలు ఉన్నాయి. “మంచిగున్నది” అంది. ‘నే’ లేకుండా. నా చెయ్యి పట్టుకుని, మా బస్సు వచ్చేదాకా వదల్లేదు. అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

నల్గొండ బస్సులన్నీ ఆ అద్దం ముందు నుంచే వస్తాయి. వాళ్ల ఊరు ఊరంతా పట్నంలో దిగేది అక్కడే. ఆ జిల్లాలోనే పుట్టిన మనుషులమై ఉండీ ఆ సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

ఆమె మేనమామ బస్సు దిగుతూ చూశాడు. మర్నాడు ఆమె షాపుకు రాలేదు. నేను మీర్‌పేట్ పోయేసరికి వాళ్లన్న గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

“మా పిల్లను అద్దంల పెట్టినవ్. ఊరోళ్లంత దిగి సూస్తున్నరు” అన్నాడు.

“అండ్ల తప్పేమున్నదన్నా?” అన్నాను. చొక్కా పట్టుకుని తోశాడు.

లోపలి నుంచి ఆమె వచ్చి గడప దగ్గర ఆగింది. “ఫోటో తీసెయ్యమని చెప్పు” అంది.

“నేను పెండ్లి చేసుకుంట” అన్నాను. ఎన్నాళ్లుగానో దాచుకున్న మాట, అలా వీధిలో, ఇరుగుపొరుగు వింటుండగా వచ్చింది. ఆమె కళ్లెత్తింది. ఫోటోలో ఉన్న చూపే అది, కాకపోతే నీళ్లు నిండి ఉన్నాయి.

“మా అమ్మ నిన్నటి సంది ముద్ద ముట్టలే. ఇగ ఒద్దు. పో” అని తలుపు వేసింది.

మా దగ్గర ‘పో’ అని ఊరికే అనరు. పోయి రా అంటారు. ఆ ‘రా’ కోసం తలుపు ముందు కాసేపు నిలబడ్డాను. తర్వాత ఆమెను మేనమామ కొడుక్కే ఇచ్చి చేశారని నాన్న షాపులో విని వచ్చి చెప్పాడు.

పెద్దాయన ఫోటో తీసి కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు. “తిట్టేటప్పుడే ఆలోచించేవాణ్ని. మెచ్చుకునేటప్పుడు కూడా ఆలోచించాల్సింది” అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఎవరి మీదా రాలేదు. ఏడుపు మాత్రం వచ్చింది.

మళ్లీ పెళ్లిళ్లే తీసుకుంటూ ఉండిపోయాను. రాష్ట్రం వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో రంగులు చల్లుకుంటుంటే అవీ తీశాను. అమ్మ అన్నట్టే అయింది, తెలంగాణ వచ్చింది, నా ఫోటో కాగితం చుట్టలోనే ఉండిపోయింది.

ఆ మామిడిపండ్ల కాలంలోనే గడ్డిఅన్నారం మార్కెట్లో ఆమె కనిపించింది. చంకలో బిడ్డ. భర్త కాస్త దూరంలో బేరమాడుతున్నాడు. ఆ చేతులు మాత్రం అవే; ఒక పండును తీసి, తిప్పి చూసి, బుట్టలో పెట్టేసింది.

“మంచిగున్నవా?” అన్నాను.

“మంచిగనే ఉన్న” అంది.

ఆ ‘నే’ వినడం నాకు నేర్పిన మనిషి, నేను విన్నానో లేదో అని ఒక్కసారి నా ముఖం వైపు చూసి, భర్త పిలిస్తే వెళ్లిపోయింది.