పాత్ లైన్లో బాపు పేరు

గోదావరిఖనిలో ఒక గని ఆఫీసు కంప్యూటర్ దగ్గర మా బాపు చేసిన కొలువే నాకొచ్చింది. ఆయన డ్యూటీలో ఉండగా గుండె ఆగి పోయాడు. కొడుకునని, వారసుడిగా నన్ను తీసుకున్నారు. ఆయన పోయే ముందురోజు, కొలువు లేక ఖాళీగా తిరుగుతున్న కోపంలో, "నువ్వు కుర్చీ దిగితేనే గద నాకు కొలువు దొరికేది" అన్నాను ఆయనతో. మర్నాడు పొద్దున డ్యూటీకి పోతూ తలుపు దగ్గర నిలబడి "లేసినవా?" అని అడిగాడు. మెలకువగానే ఉన్నాను, పలకలేదు. అదే ఆఖరు.

నాకిచ్చిన మొదటి పని షిఫ్టు లిస్టు తీసే ప్రోగ్రాం మార్చడం. కొత్తది రాసి, పాతదాని పేరే పెట్టి, ఆ పేరు కొట్టాను. బాపు రాసిన పాతదే నడిచింది. తెరమీద ఇంగ్లిషు అక్షరాల్లో మన మాట: "కాయితం పెట్టినవా?" ప్రింటరులో కాగితం మర్చిపోకుండా ఆయన రాసుకున్న ప్రశ్న. అవునని వై కొడితేనే ముందుకు కదులుతుంది. వై కొట్టాను. వచ్చిన లిస్టులో రిటైరైపోయిన మనిషికి మొదటి షిఫ్టు పడింది. పక్క సీట్లో, నేను కాకా అని పిలిచే పెద్దాయన నవ్వకుండా అన్నాడు.

"మీ బాపు ఇంక కుర్చీ ఇడుస్తలేడు."

రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. పేరు కొడితే దాన్ని ఏ డైరెక్టరీలో, అంటే ఏ ఫైళ్ల అరలో, ముందు వెతకాలో, ఏది తర్వాతో మిషన్‌కి చెప్పేది పాత్ లైను. అందులో అన్నిటికన్నా ముందు బాపు డైరెక్టరీ ఉంది. అక్కడే దొరికితే మిషన్ ఇక నా దాకా ఎందుకొస్తుంది? దిద్దబోయి పాత వరసంతా చెరిపి నాదొక్కటే రాశాను. మళ్లీ లాగిన్ అయితే, ఫైళ్లు చూపించే ఎల్ఎస్ కూడా తెలియదంది. మిషన్‌ని తిట్టాను. బాపునీ తిట్టాను, తిట్టినందుకు బాత్‌రూంలోకి పోయి ఏడ్చాను.

చివరికి అన్నీ తిరిగి చేర్చి, నాది ముందు పెట్టాను. బాపుది తీసేయడానికి చెయ్యి రాలేదు. వరసలో అన్నిటికన్నా చివర ఉంచాను.

నెలలు గడిచాయి. లిస్టు సరిగ్గానే వస్తోంది. ఒక మధ్యాహ్నం పనికిరాని ఫైళ్లు చెరుపుతూ, చూసుకోకుండా నా ప్రోగ్రాంనీ చెరిపేశాను. రోజూలాగే పేరు కొట్టాను. నా దగ్గర దొరకక, మిషన్ ఒక్కో డైరెక్టరీ దాటుకుంటూ చివరిదాకా పోయింది.

"కాయితం పెట్టినవా?"

చూస్తే ప్రింటరు ఖాళీ. లేచి కాగితం పెట్టి వచ్చాను. ప్రశ్న కింద కర్సర్ ఇంకా కొట్టుకుంటూనే ఉంది. కాక వింటున్నాడని తెలిసీ, "పెట్టిన బాపూ" అన్నాను. తర్వాత వై కొట్టాను.