సున్నం చెరిగిన చోటు

1988 ఆగస్టు 3, బుధవారం ఉదయం ఎనిమిదింబావుకు కలకత్తాలోని మెటియాబ్రుజ్‌లో కాలేజీ వైపు వెళ్లే బస్సు ఎక్కాను. ప్రొడక్షన్ ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఒకదానిలో ఒకటి ఇమిడేలా ఆకురాయితో అరగదీయవలసిన రెండు ఇనుప ముక్కలను ఒడిలో పెట్టుకుని, ఇమిడ్చాలని చూస్తున్నాను. వర్క్‌షాప్‌లో వాటిని అప్పటికే రెండుసార్లు తిప్పి పంపారు. ఆ రోజు కూడా ఇమడకపోతే నాకు ఆ సంవత్సరం పోతుంది.

పక్కన కూర్చున్న పెద్దాయన నా సంచి మీది తెలుగు అక్షరాలు చూసి, "మనోడివే! ఏటీ కుస్తీ?" అన్నారు.

సంగతి చెప్పాను. ఆయన ఖైనీలో కలుపుకునే సున్నం వేలితో తీసి, ఒక ముక్క అంచులకు పలచగా పూశారు. దానిని రెండవ ముక్కలోకి నొక్కి, బయటకు లాగారు. ఒక్క మూలనే సున్నం చెరిగిపోయింది.

"సెరిగిన కాడే ఎత్తుంది. అక్కడే గీకు. అంతా గీకీసినావంటే వదులైపోద్ది. మీ అయ్య ఏటి సేస్తాడు?"

"ఓడల డాక్‌లో ఫిట్టరండీ."

"ఓరి నీ సదువు! ఇంట్లో ఫిట్టర్నెట్టుకొని బస్సులో కుస్తీయేటి?"

ఇలా ముక్కలు అరగదీసి ఇమిడ్చడమే నాన్నగారి పని. అయినా ఇంజనీరింగ్ ఆయనకు తెలియని విషయమని నేనే నిర్ణయించుకుని, ఆయనను ఒక్కనాడూ అడగలేదు. పెద్దాయన ఖిదిర్‌పూర్‌లో దిగిపోయారు.

ఆ మూల ఒక్కటే అరగదీస్తే, మధ్యాహ్నానికి ముక్కలు ఇమిడాయి. ఆదివారం నాడు తరువాతి డ్రాయింగును నాన్నగారి ముందు పరిచాను. పట్టా చేతికి వచ్చేదాకా, ఆయన చూడకుండా ఏ డ్రాయింగునూ నేను వర్క్‌షాప్‌కు తీసుకువెళ్లలేదు.