నోట్లో గుడ్లు మోసే జెల్ల

సముద్రానికి ఇంత దూరంలో ఉన్న ఊళ్లో సముద్రపు జెల్ల చేప ముల్లు గుచ్చుకుంటే ఏమవుతుందో ఎవరూ రాసిపెట్టినట్టు లేదు. లైబ్రరీలో చాలా వెతికాను. అందుకే నేను చూసింది రాస్తున్నాను.

1974 వానాకాలం. చాంద్రాయణగుట్టలో ఒక చిన్న దవాఖానలో నర్సుగా ఉన్నాను. మాదన్నపేట మార్కెట్లో చేపలమ్మే యాదగిరిని అతని తమ్ముడు మల్లేశ్ రిక్షాలో తెచ్చాడు. ముంజేతికి తాడు బిగించి ఉంది. దీన్ని టోర్నికే అంటాం. రక్తం ఆపే కట్టు. ఎక్కువసేపు ఉంటే చెయ్యే పోతుంది. అప్పటికే వేళ్లు నీలమెక్కాయి.

"తాడు ఇప్పకు సిస్టరమ్మా!" అన్నాడు యాదగిరి. "చేపల పెట్టెల చెయ్యి పెట్టంగనే పాము కరిచింది. ఇప్పితే విషం పైకెక్కుతది."

"పాము గీ మంచుపెట్టెలనే ఉంది. మూత కట్టి పట్కచ్చిన" అన్నాడు మల్లేశ్.

రోగులందరూ బెంచీలెక్కారు. బార్కస్ నుంచి వచ్చిన పెద్దాయన మాత్రం కదలకుండా, "క్యా భాయ్, పాముకు భీ సూది ఇయ్యాల్నా?" అన్నాడు.

డాక్టర్ సుశీల గారు గాయం చూసి, "ఇది చేప ముల్లు, పాము కాటు కాదు" అన్నారు.

"సచ్చిన చేప ఎట్ల కుడ్తది మేడం? నన్ను ఆగం జేయకున్రి!"

మూత తీశాను. మంచు, జెల్లలు, అంతే. ఒకదాని రెక్క ముల్లు సగానికి విరిగి ఉంది.

"చూడన్నా, మిగతా సగం నీ చేతిలో ఉంది. చేప చచ్చినా దీని ముల్లులో విషం చావదు" అన్నాను.

ఎత్తి చూపుతుంటే దాని నోట్లోంచి గోళీలంత పసుపు గుడ్లు జారిపడ్డాయి. యాదగిరి వాటినే చూస్తూ ఉండిపోయాడు. తరువాత తనే చెయ్యి చాచాడు. "ఇప్పు తల్లీ."

తాడు విప్పాను. డాక్టర్ ముల్లు తీశారు. చేతిని ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఉంచాను. బయట వాన. ఆవిరిలో, లైబ్రరీ నుంచి తెచ్చుకున్న చేపల పుస్తకంలో చదివిందంతా చెబుతూ పోయాను: ఏరు సముద్రంలో కలిసేచోట మసక నీళ్లు, మెత్తని బురద, మీసాలతో తడుముతూ తిరిగే జెల్లలు. ఆడది గుడ్లు పెడితే మగది నోట్లో దాచుకుని, పిల్లలు ఈదేదాకా మేత ముట్టదని. ఆ గదే ఏటి అడుగున ఉన్నట్టనిపించింది.

"మరి ఆకలైతే?" నిద్రమత్తుగా అడిగాడు యాదగిరి.

"ఓర్చుకుంటుంది."

"నొప్పి తగ్గింది సిస్టరమ్మా" అంటూ వేళ్లు కదిపాడు. ఎర్రబడుతున్నాయి.

భయపడ్డ మనిషిని కాదనేముందు అతను తెచ్చిన పెట్టె తెరవాలని ఆరోజు నేర్చుకున్నాను.

నన్ను మాట్లాడనిచ్చిన డాక్టర్ సుశీల గారికి, చేపల పుస్తకం ఇంటికివ్వడానికి ఒప్పుకున్న లైబ్రేరియన్ నరసింహం గారికి, పామనుకుని కూడా పెట్టెను ఒళ్లో పెట్టుకొచ్చిన మల్లేశ్‌కు, నన్ను నమ్మి చెయ్యి చాచిన యాదగిరికి కృతజ్ఞతలు.