నెక్కొండకు లైటింగు కాల్

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. పాలవాడిని, తూకం రాళ్లను, చివరికి మా ఇంటి గోడ గడియారాన్ని కూడా నమ్మేదాన్ని కాదు. ఇంట్లోకి ఫోను వచ్చాక ఆ అనుమానానికి చేతినిండా పని దొరికింది. ఎనభైల మొదట్లో వరంగల్ చౌరస్తా దగ్గర మాకు స్టీలు సామాను దుకాణం ఉండేది. కింద దుకాణం, పైన ఇల్లు, మెట్ల పక్కన నల్లటి ఫోను. ఊళ్లోవాళ్లతో అయితే మనమే డయల్ తిప్పి మాట్లాడొచ్చు. బయటి ఊరికి మాత్రం ఎక్స్ఛేంజిలో ట్రంకు కాల్ బుక్ చేసి, వాళ్లు కలిపేదాకా కూర్చోవాలి.

అందులోనూ రకాలున్నాయి. మామూలు కాల్, దానికి రెండింతలు ఇస్తే అర్జెంటు, ఎనిమిదింతలు ఇస్తే లైట్నింగు. మెరుపులా కలుపుతారని ఆ పేరు. బజారంతా దాన్ని లైటింగు అనేది. ఒకసారి బాపు నాతో "లైటింగు బుక్ చెయ్ బిడ్డా" అంటుంటే, వత్తులు చేసుకుంటున్న మా బాపమ్మ, అంటే నాన్నమ్మ, తలెత్తి "లైటింగెందుకురా, ఎవలి పెండ్లి?" అని అడిగింది. విషయం తెలిశాక కూడా వదల్లేదు. ఎవరు ఫోను ఎత్తినా "పందిరెప్పుడేస్తరు?" అని ఏడిపించేది.

నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. అర్జెంటుకు కట్టి పూటంతా కూర్చోవాలంటే ఒళ్లు మండేది. డిగ్రీ చదువుతున్నానన్న పొగరు కూడా ఉండేది. గోడ క్యాలెండరు మీద, తేదీ పక్కన, ఎన్నింటికి బుక్ చేశామో ఎన్నింటికి కలిపారో రాసిపెట్టేదాన్ని. కొన్నిసార్లు అర్జెంటు కంటే మామూలు కాలే ముందు కలిసేది. అది చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఎదురింటి పత్తి వ్యాపారి ఎప్పుడు చూసినా ఫోనులో అరుస్తూనే ఉండేవాడు. ఆయన ఆపరేటరమ్మను మంచి చేసుకున్నాడని, మా వంతు ఆయనకే పోతున్నదని తేల్చేశాను. రుజువు ఏమీ లేదు. ఎన్నిసార్లు అడిగినా ఆమె ఒకటే మాట, లైను ఖాళీ లేదమ్మా అని.

"ఆమె మాత్రం ఏం జేస్తది బిడ్డా" అనేవాడు బాపు. నేను ఊరుకుంటేగా. చెవిలో జోరీగలా పోరి పోరి ఆయనకు కూడా అనుమానం అంటించాను.

ఆ ఏడు వానాకాలం బాపమ్మ నెక్కొండలో చిన్నబాపు ఇంట్లో ఉంది. ఒకరోజు పొద్దున బండి దిగి వచ్చిన నెక్కొండ ఆయనొకడు దుకాణంలోకి వచ్చి కబురు చెప్పాడు.

"మీ అమ్మకు పానం మంచిగ లేదు. మీ తమ్ముడు జర ఫోన్ చెయ్యమన్నడు."

చిన్నబాపు ఇంటి పక్క రైసుమిల్లులో ఫోను ఉండేది. బాపు చెప్పులు వేసుకున్నాడు, మళ్లీ విప్పాడు. వాళ్లు ఆమెను ఇక్కడి దవాఖానకే తీసుకొస్తున్నారేమో, తాను అటు పోతే వాళ్లు ఇటు వస్తారేమోనని ఆయన ఆలోచన. ఒక్క మాట అడిగి కదులుదామని పది గంటలకు నాతో లైటింగు బుక్ చేయించాడు.

పదకొండైంది. పన్నెండైంది. ఫోను మోగలేదు. నేనే ఎక్స్ఛేంజికి చేసి, మా బాపమ్మకు బాగాలేదని చెప్పి, కాల్ ఏదని గట్టిగా అడిగాను.

"నెక్కొండ లైను పాడైందమ్మా" అన్నది ఆపరేటరమ్మ. "గాలికి తీగలు తెగినయట. ఎప్పుడు కలుస్తదో చెప్పలేను. ఒంటిగంటకు డోర్నకల్ ప్యాసింజరున్నది గద, మీ నాయినను దానికి పొమ్మను. గంటల నెక్కొండల దిగుతడు."

ఎక్కడలేని అనుమానం నాకు అప్పుడే ముంచుకొచ్చింది. ఇన్నాళ్లుగా ఒక్క మాట ఎక్కువ మాట్లాడని మనిషికి ఇవాళ మా మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టినట్టు?

"మన చెవుల పువ్వు పెడ్తాంది బాపూ" అన్నాను. "మనం పోంగనే మన లైను ఆ పత్తాయనకు ఇస్తది. నువ్వు కూసో."

"నిజంగనే పాడైతే?"

"ఎప్పుడు జూసినా లైను పాడేనా?"

ఆయన కూర్చున్నాడు. ఒంటిగంట బండి పోయింది. బస్సుకైనా పోతానని లేస్తే, ఇంకో పది నిమిషాలు చూద్దామని మళ్లీ నేనే ఆపాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. అట్లా పది పది నిమిషాలుగా పొద్దు వాలింది.

ఐదు దాటాక ఫోను మోగింది. "నెక్కొండ మాట్లాడండి" అన్నది ఆమె. బాపు రిసీవరు ఎత్తాడు. నేను నా చెవి కూడా దానికి ఆనించాను. చిన్నబాపు గొంతు పక్క గదిలోంచి వచ్చినంత స్పష్టంగా వచ్చింది.

"ఇప్పుడే తీగలు కట్టిండ్రన్నా. అమ్మ పోయింది. మూడింటికి పోయింది. అప్పటిదాంక మంచిగనే మాట్లాడింది. రెండింటి బండి కూత ఇని, పెద్దోడు వస్తాండు, వాడొచ్చినంకనే గంజి తాగుతా అన్నది."

బాపు గోడ పట్టుకున్నాడు.

"ఆ బండికి ఎందుకు రాలేదన్నా?" అని చిన్నబాపు అడిగాడు.

బాపు నా ముఖంలోకి చూశాడు. అంతకుముందు ఆయన అబద్ధం ఆడగా నేను ఎప్పుడూ వినలేదు.

"స్టేషనుకు పోయిన తమ్మీ" అన్నాడు. "బండి అందలే."

బాపు పోయి చాలా ఏళ్లయింది. బండి అందలేదనే చిన్నబాపు ఇప్పటికీ అనుకుంటున్నాడు.