పది కాళ్ల కంప్యూటర్

నా చిన్నప్పుడు మా బడిలో ఉన్న కంప్యూటర్‌కు పది కాళ్లు, మూడు జతల జడలు, రెండు చిరుగుల నిక్కర్లు ఉండేవి. ఆ జడల్లో ఒక జత నాది. అసలు కంప్యూటర్‌ని కళ్లతో చూసిన మనిషి హైదరాబాదు మొత్తానికి మా లెక్కల మాస్టారొక్కరేనని మేం ఒట్టేసి చెప్పేవాళ్లం. ఆయన చూసింది ఏదో సర్కారు ఆఫీసులో, అద్దానికి ఇవతల నిలబడి, పది నిమిషాలు. అది నాలుగు బీరువాలంత ఉందని ఆయన అన్నారు. నేను ఇంటికెళ్లి నాంపల్లి స్టేషన్లో ఆగిన గూడ్సు బండంత ఉందని చెప్పాను. మర్నాటికి మా గల్లీలో అది ఎగ్జిబిషన్ మైదానమంత అయింది.

మా బడి ఆబిడ్స్‌లో ఒక పాత మేడ. వాన ముందు మా తరగతిలో కురిసి, మిగిలితే బయట కురిసేది. మాస్టారు ఎంత సన్నటి మనిషంటే, గాలి రోజున ఆయన గొడుగును పట్టుకున్నట్టు కాక గొడుగే ఆయన్ని పట్టుకున్నట్టు ఉండేది. నల్లగొండ వైపు మనిషి. నాంపల్లిలో మా ఇంటికెదురుగా ఒక గది కిరాయికి తీసుకున్నారు. ఆయనది తాత్కాలిక ఉద్యోగం. అది పక్కా అయితే భార్యనీ, పుట్టి ఆరు నెలలైనా తాను ఇంకా సరిగా ఎత్తుకోని కూతుర్నీ తెచ్చుకోవాలని ఆయన ఆశ. ఆ ఆశతోనే ముందుగా ఒక చెక్క ఉయ్యాల కొని గదిలో వేలాడదీశారు. పాప వచ్చేదాకా అందులో మా లెక్కల నోటుబుక్కులు పడుకునేవి.

ఉద్యోగం పక్కా చెయ్యాలా వద్దా అన్నది తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరు గారి రిపోర్టు మీద ఉంది. ఆయనకు చూపించడానికే మాస్టారు మా ఐదుగురితో ఒక యంత్రం తయారు చేశారు. తలుపు దగ్గర నుంచి కిటికీ దాకా ఒక బెంచీ. దాని మీద వరసగా ఐదుగురం. మొదటివాడి విలువ ఒకటి, తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది, కిటికీ పక్కన నేను పదహారు. నిలబడితే లెక్కలో ఉన్నట్టు, కూర్చుంటే లేనట్టు. బల్ల మీద చప్పుడైన ప్రతిసారీ మొదటివాడు కూర్చునుంటే లేవాలి, లేచి ఉంటే కూర్చోవాలి. మిగిలినవాళ్లం తలుపు వైపున్న పక్కవాణ్ణి మాత్రమే చూడాలి. వాడు కూర్చున్నప్పుడల్లా మనం మారాలి. అంతే. నిలబడ్డవాళ్ల విలువలు కూడితే ఎన్ని చప్పుళ్లో వచ్చేస్తుంది. ఎవరికీ లెక్కలు రానక్కర్లేదు. ఈ ఒక్క కారణానికే నన్ను తీసుకున్నారని నా అనుమానం.

నెల్లాళ్లు సాధన చేశాం. లేచి కూర్చుని, లేచి కూర్చుని ఆ మొదటివాడి మోకాళ్లు ఇరుసుల్లా కిర్రుమనేవి. పదహారో చప్పుడు దాకా నాకు పనే ఉండేది కాదు. కదలకుండా కూర్చోవడమే నా పని.

తనిఖీ ముందురోజు మాస్టారు మమ్మల్ని దగ్గరికి పిలిచారు. "తరగతంత లేస్తది, మీరు మాత్రం లేవొద్దు. ఎవ్వరొచ్చినా సరే. మిషిన్ సలాం గిట్ల కొట్టదు. చప్పుడైతెనే కదలాలె. సమజైందా?"

"ఔ సార్" అన్నాం.

కానీ మా ఇంట్లో మా తాతయ్య ఉన్నారు. కృష్ణా జిల్లా నుంచి మర్యాదనంతా మూటగట్టి రైల్లో తెచ్చుకున్న మనిషి. పోస్టుమాన్ వచ్చినా లేచి నిలబడేవారు. పెద్దవాళ్లు వస్తే లేవాలి, కూర్చోమనేదాకా కూర్చోకూడదు అని నాకు అక్షరాలకంటే ముందే నేర్పారు.

ఇన్‌స్పెక్టరు గారు హెడ్మాస్టరుతో లోపలికి రాగానే తరగతంతా లేచింది. బెంచీ మీద నలుగురు రాళ్లలా కూర్చున్నారు. నా కాళ్లు మాత్రం నన్నడక్కుండానే లేచాయి.

"ఏమిటయ్యా, ఈ నలుగురికీ నడుములు పట్టేశాయా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. తర్వాత నా దగ్గరికొచ్చి తల మీద చెయ్యి వేశారు. "ఈ పాప ఒక్కతే మర్యాద తెలిసిన పిల్ల. శభాష్!" అని, "కూర్చోండి, కూర్చోండి" అన్నారు.

తరగతంతా కూర్చుంది. అక్కడితో తాతయ్య ఆజ్ఞ తీరిపోయింది, నేనూ కూర్చోవాలి. మాస్టారు నావైపు ఒక్కసారి చూశారు. ఆ చూపు నాకు అర్థమైంది. అయినా కూర్చోలేదు. బడిలో నన్ను ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి. కూర్చుంటే ఆ శభాష్ నా తల మీంచి జారిపోతుందేమో అనిపించింది. కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. పెద్దాయన మెచ్చుకున్న పిల్లని ఆయన ముందే కూర్చోమనడానికి మాస్టారికి నోరు రాలేదు.

మాస్టారు మిషన్ సంగతి వివరించాక ఇన్‌స్పెక్టరు గారు చేతికర్రతో బల్ల మీద పదకొండుసార్లు కొట్టారు. ఆ నలుగురూ గడియారంలా పనిచేశారు. అంత చక్కగా నెల్లాళ్లలో ఒక్కసారీ చెయ్యలేదు. చప్పుళ్లు ఆగాక నిలబడ్డవాళ్ల విలువల్ని తరగతంతా గొంతెత్తి కూడింది. ఒకటి, రెండు, ఎనిమిది, పదహారు. మొత్తం ఇరవై ఏడు.

"నేను కొట్టింది పదకొండే మాస్టారూ! మీ మిషను మిగతావి కలగన్నదా?" అని ఆయన పడీపడీ నవ్వారు. హెడ్మాస్టరు నవ్వలేదు.

మాస్టారు వేలెత్తి నన్ను చూపిస్తే చాలు. చూపించలేదు. "గలతీ నాది సార్, పిల్లలది గాదు" అన్నారు.

పోతూ పోతూ ఇన్‌స్పెక్టరు గారు నాకు ఒక పెన్సిల్ ఇచ్చారు, ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం. తాతయ్య దాన్ని గల్లీలో ఇంటింటికీ తిప్పి చూపించి వచ్చారు. మాస్టారి గురించి మాత్రం, పెద్దలొస్తే లేవొద్దని పిల్లలకు నేర్పుతున్నాడనీ, బడి సమయం ఆటలతో పాడుచేస్తున్నాడనీ రిపోర్టు వెళ్లింది. నెల తిరక్కుండా ఆయన ఉద్యోగం పోయింది.

ఒక ఆదివారం పొద్దున మా ఎదురింటి ముందు రిక్షా ఆగింది. ఒక ట్రంకు పెట్టె, దాని మీద బోర్లించిన ఉయ్యాల. నిజం చెప్పేద్దామని పరిగెత్తాను కానీ ఏడుపొచ్చింది.

"ఏంది బిడ్డా, గట్ల ఏడుస్తున్నవ్? గా దినం గురించేనా? జర ఇను. లేవొద్దని నేను చెప్పిన. లేవాలని మీ తాత అంతకుముందే చెప్పిండు. రెండు హుకుంలు ఒక్క మిషిన్ల పడ్డయి. ఏది ఇనాల్నో నేను ముందే సోచాయించి చెప్పాలె, చెప్పలే. హుకుం ఇచ్చినోనిది గలతీ, మిషిన్‌ది గాదు. ఫికర్ జెయ్యకు" అని నా జడ సరిచేసి రిక్షా ఎక్కారు.

కాదు సార్, ఆ రెండు హుకుంలూ అయిపోయాక కూడా నేను నిలబడ్డాను, మెప్పు కోసం నిలబడ్డాను అని చెప్పాలి. చెప్పలేదు. రిక్షా స్టేషను వైపు తిరిగింది. గతుకు వచ్చినప్పుడల్లా ఉయ్యాల కదిలింది. ఆయన్ని మళ్లీ చూడలేదు.

ఇప్పుడు నేనూ ఒక బళ్లో కంప్యూటర్ పాఠాలే చెబుతున్నాను, నిజమైన కంప్యూటర్లతో. ఎవరి ప్రోగ్రాం తప్పినా తిట్టను. "నువ్వు దానికేం చెప్పావో మొదటి నుంచి చదువు" అంటాను. ఆ ఒక్క వాక్యం మీద ఇన్నేళ్ల జీతం తిన్నాను, అది నాది కాదు, మాస్టారిది. నేను లోపలికి వెళ్లగానే పిల్లలంతా లేస్తారు. కూర్చోమంటాను. కిటికీ పక్కనున్న చివరి పిల్ల కూడా కూర్చునేదాకా పాఠం మొదలుపెట్టను.